జేబులో రెండో చెయ్యి

గృహ విద్యుత్ శాఖామాత్యులైన అన్నయ్యగారికి,

ఇవాళ నీ పుట్టినరోజు. దీపం వెలిగిస్తే ఈ ఇర్వింగ్ అపార్ట్‌మెంట్‌లో స్మోక్ అలారం మోగుతుందని, అమ్మ నీ ఫొటో ముందు నీ ప్లాస్మా గ్లోబ్, ముట్టుకున్నచోటికి లోపలి మెరుపులు పాకొచ్చే ఆ గాజుబంతి, ఆన్ చేసింది. గాజు మీద ఒక చెయ్యి ఆనించి, రెండోది స్వెట్టర్ జేబులో దాచుకుంది.

"అది బొమ్మేనమ్మా, షాక్ కొట్టదు. రెండు చేతులూ పెట్టొచ్చు."

"నోర్ముయ్‌రా. కరెంటు దగ్గర ఒక చెయ్యి జేబులో ఉండాలని, రెండూ పెడితే గుండెలోంచి పోతుందని నా పెద్దోడు చెప్పాడు."

ఇంటిల్లిపాదితో ఆ సూత్రం వల్లె వేయించిన మహానుభావా, పాత మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్‌తో చెక్క మీద మెరుపుగీతలు కాల్చబోయి, నువ్వు మాత్రం రెండు చేతులతో రెండు వైర్లూ పట్టుకున్నావు.

ఆస్పత్రివాళ్లు సంచిలో పెట్టి తిరిగిచ్చిన నీ ప్యాంటుకు నాలుగు జేబులున్నాయి, అన్నయ్యా.