లైట్‌హౌస్ గోడ మీద ఎర్ర చుక్క

మావయ్యకి నమస్కారాలు.

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం లాంచీలో పంపుతున్నాను. సోమవారం నుంచి మా ల్యాబ్ మూడో అంతస్తు కిటికీలోంచి లేజర్ కిరణం బయల్దేరి, ఏడు కిలోమీటర్ల సముద్రం దాటి, నీ పాత లైట్‌హౌస్ దగ్గరికి వస్తుంది. గోడకి నేను బిగించిన తెల్లబోర్డు మీద ఎర్ర చుక్కలా పడుతుంది. అది ఎంత కదులుతోందో గంటగంటకీ ఫారంలో రాయి, చాలు. ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం కమిటీ నీ దగ్గరికే వచ్చి చూస్తుంది. పది నిమిషాలు చుక్క బోర్డు మీద గీసిన వలయం దాటకపోతే నా పని నిలబడుతుంది. దాటితే నా గది చేపల పొడవు కొలిచేవాళ్ళకి ఇచ్చేస్తారు. మూడేళ్ళ కష్టం, మావయ్యా!

నీ మేనకోడలు

తా.క. బోర్డు వంకే చూడు. కిరణానికి ఎదురెళ్ళి కన్ను పెట్టకు. నీ సంగతి నాకు తెలుసు.

•

గడుగ్గాయికి మావయ్య ఆశీస్సులు.

చుక్క వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గంతులు. ఓసారి ఉబ్బుతుంది, ఓసారి అసలు కనపడదు. చిన్నప్పుడూ నువ్వంతే, గ్లాసుడు నీళ్ళు తెమ్మంటే సగం నేలపాలు. మిషన్‌ని చేత్తో పట్టుకోకు తల్లీ, బల్లకి బిగించు. పొద్దున్నే ఏమీ తినకుండా కూర్చుంటే చేతులు వణకవా మరి? ముప్ఫై ఒక్కేళ్ళు ఇక్కడ దీపం వెలిగించాను, ఒక్కనాడూ వణకలేదు.

ఇట్లు, మీ అమ్మ తమ్ముడు

తా.క. నువ్వేం భయపడకు. ఫారంలో వారమంతా "నిశ్చలం" అని రాసి మీ ఆఫీసర్‌కి పంపేశాను. ఇంటి పరువు ఇంట్లోనే ఉండాలి.

•

మావయ్యా! (నమస్కారం కోపం తగ్గాక పెడతాను.)

ఎంత పని చేశావు! నీ ఫారాలు చూసి మా ఆఫీసర్, మిట్టమధ్యాహ్నం కూడా చుక్క కదలదని కమిటీకి రాసి పారేశాడు. మా మిషన్ మూడు వందల కిలోలు, నా చేతులతో దానికి పనే లేదు. కదిలించేది గాలి. సముద్రం నీళ్ళది ఒక వేడి, పైన గాలిది ఒక వేడి. రెండూ కలిసేచోట వేడిగాలి, చల్లగాలి ముద్దలు ముద్దలుగా పొర్లుతుంటే వాటిలోంచి వచ్చే కాంతి అటూ ఇటూ వంగుతుంది. మరుగుతున్న గిన్నె మీదుగా చూస్తే వెనక గోడ ఊగదూ, అదే ఇది. ఇక మీదట నిజం రాయి. ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

ఏడుపు ఆపుకుంటున్న నీ మేనకోడలు

తా.క. దయచేసి గాలిని ఏమీ చేయకు.

•

గడుగ్గాయికి, తలదించుకుని రాయునది.

గాలి అని ముందే చెప్పి ఏడవొచ్చుగా! నిన్న మెట్ల దగ్గర్నుంచి రేవు దాకా పదకొండు దుప్పట్లు అడ్డంగా కట్టాను. గాలీ ఆగలేదు, దుప్పట్లూ ఆగలేదు. రెండు సముద్రంలో కలిశాయి. పడవలవాళ్ళని బతిమాలి దారి కూడా మళ్ళించాను. చుక్క మాత్రం తన ఆట తనది. నా వల్ల కాలేదమ్మా. నీ గది పోతే ఆ చేపలవాళ్ళతో నేనే వచ్చి పోట్లాడతాను.

నీ చేతకాని మావయ్య

తా.క. నిజం రాయమన్నావు కాబట్టి ఒకటి. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి చుక్క గోడకి కొట్టిన మేకులా నిలబడిపోతుంది, పావుగంట పైనే. నువ్వు టీ తాగడానికి లేచావనుకుని రాయలేదు. పాత అలవాటు కొద్దీ బకెట్‌తో సముద్రం నీళ్ళు తోడి థర్మామీటర్ ముంచి, గాలి వేడితో పాటు నోట్‌బుక్‌లో రాస్తుంటాను కదా, ఆ వేళకి నీళ్ళూ గాలీ ఒకే డిగ్రీ. ఈ వారం అంకెలు వెనక రాశాను.

•

నా బంగారు మావయ్యకి వెయ్యి నమస్కారాలు, పాత బాకీతో కలిపి.

నీ తా.క. చదివి రేవులోనే కేక పెట్టాను, జనం తిరిగి చూశారు. నీళ్ళూ గాలీ ఒకే వేడిలో ఉంటే పొర్లడానికి ముద్దలెక్కడివి? పరుగున వెళ్ళి ఆఫీసర్ దగ్గర ఫారాల సంగతంతా ఒప్పేసుకున్నాను. బాగా తిట్టాడు. తర్వాత నీ అంకెలు చూశాడు. తర్వాత కూర్చోమన్నాడు. కమిటీ ఇప్పుడు తొమ్మిదింటికే వస్తుంది. నేను ఇక్కడ మిషన్ దగ్గర ఉంటాను, అక్కడ భారమంతా నీదే.

నీ మేనకోడలు

తా.క. ఆ రోజు టీ తాగనే తాగను. ఒట్టు.

•

గెలిచిన గడుగ్గాయికి మావయ్య ముద్దులు.

పద్దెనిమిది నిమిషాలు నిలబడిందే! చుక్క వలయం గీతని ముట్టనైనా ముట్టలేదు. కమిటీ పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూశాడు. "గది ఆ అమ్మాయిదే, పక్కగది కూడా ఇవ్వండి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

నీ దగ్గర ఒకటి దాచాను. నా సర్వీసులో ఒక్కసారి ఓ ఓడ కెప్టెన్, దీపం వణుకుతోంది, మనిషి నిర్లక్ష్యం అని ఫిర్యాదు చేశాడు. ఆఫీసు మెమో ఇచ్చింది. ఆ తర్వాత అద్దాలు తుడిచి తుడిచి నా వేళ్ళు అరిగాయి. మీ అమ్మకి కూడా చెప్పలేదు. నీకూ అలాంటి కాగితం రాకూడదనే ఫారంలో అబద్ధం రాశాను. నిన్న ఆ ఏటి నోట్‌బుక్ తీశాను. ఆ రోజు నీళ్ళకీ గాలికీ తొమ్మిది డిగ్రీల తేడా! నా తప్పు కాదమ్మా. నా దీపం తప్పూ కాదు.

నీ నిర్దోషి మావయ్య

తా.క. మెమో చింపేయమని ఆఫీసుకి అర్జీ రాశాను. నోట్‌బుక్‌లో ఆ తారీఖు చూపిస్తే కమిటీ పెద్దాయన పాలిపోయి, అర్జీ కింద తనూ సంతకం చేశాడు. ఆ కెప్టెన్ ఆయనేనట. సంతకం కాస్త వంకరగా వచ్చింది, చేయి వణికింది పాపం. ఏం పర్లేదండీ, అంతా గాలి వల్లే అన్నాను.