తోటాయన సైకిల్ గురించి నేను చెప్పేది

జూన్ 3, మంగళవారం

నా పేరు మునెమ్మ. వయసు డెబ్భై ఒకటి. ఆధార్ కార్డులో అరవై ఎనిమిది అని ఉంది, అది వాళ్ళ తప్పు. తిరుపతిలో ఉంటున్నాం. ఇంట్లో ముగ్గురం: నేను, నా కూతురు రాధ, రాధ కూతురు సుష్మ. మగదిక్కు లేదు, లేదని ఏ పనీ ఆగలేదు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే పక్కింటి కస్తూరి, జాకెట్లు కుట్టే పిల్ల, రాస్తోంది. నా మాట ఒక్కటి కూడా మార్చకూడదని ముందే చెప్పాను. "మారిస్తే నాకేమొస్తాదవ్వా?" అంది.

ఎందుకు రాయిస్తున్నానంటే... భయం. తాగుబోతు మొగుడికి భయపడలేదు, మేస్త్రీలకు భయపడలేదు. ఇప్పుడు ఒక సైకిల్‌కు భయపడుతున్నాను.

జూన్ 5, గురువారం

సుష్మ నర్సు. పై దేశంలో ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు మాటల పరీక్ష పాస్ కావాలి. రెండుసార్లు పోయింది. చేతికి ఒక కార్డు ఇస్తారట, అందులో ఏముంటే దాని గురించి రెండు నిమిషాలు మాట్లాడాలట. ఈసారి సైకిల్ వస్తుందని కోచింగ్ సారు నమ్మకంగా ఉన్నాడు. క్లాసులో అందరికీ ఒకే జవాబు నేర్పించాడు — పుట్టినరోజుకు నాన్న ఎర్ర సైకిల్ కొనిచ్చాడని. సుష్మకు వాళ్ళ నాన్న మొహమే గుర్తులేదు.

"అందరూ అదే చెప్తే కనిపెట్టేస్తారవ్వా. మనింట్లో ఎవురైనా సైకిల్ తొక్కినారా?"

నోరు మూసుకుని ఉండాల్సింది.

"తొక్కలేదు. తోసినా," అన్నాను.

జూన్ 6, శుక్రవారం

నేను దానికి చెప్పింది ఇదీ.

అప్పుడు రాధకు తొమ్మిదేళ్ళు. పుత్తూరు దగ్గర మామిడి తోటలో కాయలు కోసే కూలికి పోయేదాన్ని, వెంట బిడ్డ. కొమ్మ మీద నుంచి పడింది. మోకాలి కింద కాలు విరిగి వేలాడింది. ఆ రోజు బందు, బస్సులు లేవు. షెడ్డు గోడకు తోటాయన సైకిల్ ఆనించి ఉంది. అడగలేదు. అడిగితే ఇచ్చే మనిషి కాదు. బిడ్డను క్యారియర్ మీద కూర్చోబెట్టి, పాత చీరతో సీటుకు కట్టి, తోసుకుంటూ పుత్తూరు చేరి కట్టు కట్టించాను. ఈరోజు రాధ నడక చూసి ఏ కాలు విరిగిందో ఎవరూ చెప్పలేరు.

సుష్మ కళ్ళు తుడుచుకుంది. ఇక ఫోను పట్టుకుని ఇంగ్లీషులో చెప్పుకోవడం, విని చూసుకోవడం, మళ్ళీ చెప్పుకోవడం. నడుమ నా పేరు వినిపించినప్పుడల్లా చేతిలో పని ఆపి వింటున్నాను.

జూన్ 9, సోమవారం

సారు మెచ్చుకున్నాడట. ఇంకా బాగు చేయమన్నాడట. ఎండ ఎట్లా ఉంది, దారి ఎట్లా ఉంది, అన్నీ పెట్టమన్నాడట.

"బెల్లు ఉండిందా అవ్వా?"

"ఉండింది."

"కొట్టినావా?"

"అడక్కుండా ఎత్తుకోని పొయ్యే సైకిల్‌కి బెల్లు కొట్టుకుంటా పోతారామ్మే?"

సుష్మ పడీ పడీ నవ్వింది. రాధ నవ్వలేదు, లేచి వంటింట్లోకి పోయింది.

అప్పుడు సుష్మ అడిగింది. ఆఖరున పరీక్ష వాళ్ళు ప్రశ్నలు వేస్తారట, దేనికైనా జవాబు ఉండాలట. "సైకిల్ తిరిగిచ్చేసినావు కదా?"

"ఇచ్చేసినా."

"ఎవురికి?"

నోటికి ఆ పేరే వచ్చింది.

"కాపలా చెంగయ్యకి."

జూన్ 10, మంగళవారం

అన్నం సహించడం లేదు.

జూన్ 11, బుధవారం

కస్తూరీ, ఇప్పుడు ఆపకుండా రాయి.

ఇవ్వలేదు. తిరిగి వస్తుంటే ముందు చక్రం రాళ్ళలో పడి వంకరపోయింది. తోట కంచె దగ్గరికి వచ్చేసరికి లోపల కేకలు. "యాడ అమ్ముకున్నావురా నా సైకిల్?" తోటాయన గొంతు. ఎదురుగా చెంగయ్య, చేతులు కట్టుకుని. "నేను తీయలేదు సామీ... బిడ్డల మీద ఒట్టు."

కంచె దాటి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. వేయలేదు. రాధ నొప్పికి సొమ్మసిల్లి ఉంది. దాన్ని గట్టు మీద పడుకోబెట్టి, సైకిల్‌ను వెనకనున్న పాడుబావిలోకి తోశాను. నీళ్ళు లేని బావి. పెద్ద చప్పుడు. ఎవరూ రాలేదు.

మర్నాడు చెంగయ్యను తరిమేశారు. పెళ్ళాం, ఇద్దరు బిడ్డలు, నెత్తిన మూట. గూడూరు వైపు నిమ్మ తోటల్లో పని వెతుక్కుంటూ పోయాడని తర్వాత ఎవరో అన్నారు. దొంగ అనే పేరు కూడా వెంట పోయింది. నేను ఆ సాయంత్రం కూడా కాయలు కోశాను.

జూన్ 12, గురువారం

"మీ మాటలు మిషన్లో పట్టుకుంటారామ్మే?"

"ప్రతి మాటా రికార్డు చేస్తారవ్వా."

"పేర్లు కూడానా?"

"పరీక్ష నాది. నీకెందుకు బయం?"

ప్రతి మాటా. పై దేశం వాళ్ళ మిషన్లో, నా మనవరాలి గొంతుతో — సైకిల్ చెంగయ్య చేతికి ఇచ్చామని. ఒకసారి నేను నోరు విప్పక ఆయన దొంగయ్యాడు. ఇప్పుడు నోరు విప్పి రెండోసారి ఆయన నెత్తిన పెట్టాను. తోటాయన వాళ్ళెవరైనా వింటే? అబద్ధం చెప్పిన పిల్లకు ఉద్యోగం లేదంటే?

ఎర్ర సైకిలే చెప్పమన్నాను. "రెండు దినాలే ఉండాది, ఇప్పుడు మార్చమంటావా!" అని కసిరింది.

నిజం చెబితే దాని నాలుక అక్కడ కదలదు. మూడోసారీ పోతుంది.

చెప్పలేదు.

జూన్ 14, శనివారం

చెన్నైలో పరీక్ష. పొద్దున్నే బస్సెక్కింది. ఆ బస్సు పుత్తూరు మీదుగానే పోతుంది...

మధ్యాహ్నం ఫోన్. "సైకిలే వచ్చిందవ్వా! ఎవరికిచ్చారని పరీక్ష చేసే ఆమె అడిగింది కూడా. చెంగయ్య పేరు చెప్పేసినా. ఆయన సైకిల్ తీసుకోని నీకు మంచినీళ్ళిచ్చినాడని నేనే కలిపినా. బాగుంది కదా?"

బాగుంది అన్నాను.

జూన్ 15, ఆదివారం

నీళ్ళు. అది నేను దానికి చెప్పనే లేదు. బిడ్డ కొమ్మ మీద నుంచి పడినప్పుడు అందరికన్నా ముందు చెంబుతో నీళ్ళు తెచ్చింది చెంగయ్యే.

జూన్ 17, మంగళవారం

ఎవరైనా అడగడానికి వస్తే ఈ కాగితాలు చూపించాలి. సైకిల్ తీసింది నేను. బావిలోకి తోసింది నేను. చెంగయ్య దాన్ని ముట్టుకోలేదు. సుష్మకు ఏమీ తెలియదు, దాని ఉద్యోగం ఆపవద్దు. కేసు పెడితే నా మీద పెట్టండి. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను.

సాక్షి సంతకానికి రాధను పిలిచాను. కస్తూరి మొదటి నుంచి చదివి వినిపించింది. రాధ తడి చేతులు తుడుచుకుని సంతకం పెట్టింది.

"బావి కాడ నాకు తెలివుండింది మా," అంది. "నువ్వే చెప్తావని ఇన్నేండ్లూ సూస్తా ఉండా."



బయట చెప్పుల చప్పుడు. సుష్మ డ్యూటీ నుంచి వచ్చింది. మార్కులు ఇంకా రాలేదు. "ముగ్గురూ కూసోని ఏం రాస్తా ఉండారు? నన్నూ సూడనీండి" — చెయ్యి చాస్తోంది. రాధ నా వైపు చూస్తోంది. కస్తూరి కాగితాలు ఇవ్వాలా వద్దా అని నన్ను అడుగుతోంది...

మునెమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
చూసిన సాక్షి: కూతురు రాధ
రాసిన సాక్షి: పక్కింటి కస్తూరి