నేను చూడని సంతకం

మంగళవారం, చిక్కడపల్లి

రేపు కోర్టులో నా సాక్ష్యం. పక్కింటి నర్సింగరావు గారు వీలునామాలో ఇల్లు చెల్లెలు సులోచనక్కకు రాసిపోయారు. అది చెల్లదని ఆయన తమ్ముడి కొడుకు కేసు వేశాడు. సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరిలో బతికున్నది నేనొక్కదాన్నే.

సాయంత్రం నారాయణగూడలో సులోచనక్క లాయరు నా అఫిడవిట్ చదివి వినిపించాడు. నర్సింగరావు గారు నా కళ్లెదుటే వీలునామా మీద సంతకం పెట్టారని ఉంది అందులో. నేను చూడలేదు. ఆ రోజు రెండో సాక్షి ఆ కాగితం మా స్కూలుకే తెచ్చాడు. దిద్దుతున్న పరీక్ష పేపర్ల మీద పెట్టుకుని సంతకం చేసిచ్చాను. టీచర్ని కదా, గల్లీలో ఎవరడిగినా చేస్తాను.

లాయరుకు ఆ మాటే చెప్పాను.

"గట్ల చెప్తే వీలునామా పోతది మేడమ్. అందరు గిట్లనే పెడ్తరు," అన్నాడు. ఆ వెంటనే, "ఏ పెన్నుతోని పెట్టిండాయన?" అని అడిగాడు.

"నల్ల పెన్ను," అనేశాను. అంత తడుముకోకుండా ఎలా వచ్చిందో ఆ జవాబు. అఫిడవిట్ మీద సంతకం కూడా పెట్టేసి వచ్చాను.

ఇల్లు చెల్లెలికే అని ఆయన పిట్టగోడ దగ్గర నాతో ఎన్నిసార్లు అన్నారో. కానీ రేపు నన్నడిగేది అది కాదు.

ఇందాక సులోచనక్క గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. "నాకేం పరేషాన్ లేదమ్మా. నువ్వు కండ్లతోటి చూసినవ్ కదా," అంది.

"చూశానక్కా," అన్నాను.

ఈ మాట ఏ లాయరూ రాసివ్వలేదు.