నేను వచ్చే చప్పుడు

చిట్టితల్లికి,

దేవుని కాపుదల నీ గది గుమ్మం దాకానే కాదు, నువ్వు పనిచేసే ఆ చీకటి చప్పుళ్ల గది లోపలికి కూడా రావాలని కోరుకుంటూ నాన్న రాస్తున్నది.

ఇక్కడ మీ అమ్మ కులాసా, నేను కులాసా, పిల్లి మా ఇద్దరికంటే కులాసా. నువ్వు బాగున్నావని నీ ఉత్తరం చెప్పింది గానీ వేళకి తింటున్నావో లేదో చెప్పలేదు. ఈసారి అది ముందు రాయమని మీ అమ్మ ఆజ్ఞ.

"ఫోనులో నువ్వు మాట్లాడితే హలో దగ్గరే ప్రసంగం మొదలవుతుంది నాన్నా, ఉత్తరం రాయి, కాగితం మీద అరవలేవు" అన్నావు. నిజమే తల్లీ. అయినా రెండు చోట్ల అక్షరాలు పెద్దవి చేసి అరవబోయాను. మీ అమ్మ భుజం మీంచి చూసి నవ్వింది. ఆ కాగితం చించేసి ఇది మళ్లీ మొదలుపెట్టాను.

అడిగినవాటికి జవాబులు. నా మోకాలు అలాగే ఉంది. డాక్టరు నిలబడొద్దన్నాడు, మెట్లెక్కొద్దన్నాడు, గొంతు పెంచొద్దన్నాడు. ఈ మూడూ మానేస్తే వీధి ప్రసంగీకుడి దగ్గర మిగిలేది జేబులో గ్రంథం ఒక్కటే. కుడికాలు ఇదివరకటికంటే ఎక్కువ ఈడుస్తున్నానని మీ అమ్మ అంటుంది. నాకు తెలియదు. ఎవడి నడక వాడికి వినపడుతుందా?

అమ్మ కంటికి ఆపరేషన్ బాగానే అయింది. ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కిస్తోంది, నా చొక్కా మీద మరకలు కూడా తనే లెక్కపెడుతోంది. మునుపు కనపడనప్పుడే హాయిగా ఉండేది నాకు.

కొట్టు నడుస్తోంది, కుంటుతోంది, నాలాగే. కుట్టుమిషను పాడైతే బాగుచేయించేవాళ్లు తగ్గారు, పారేసి కొత్తది కొంటున్నారు. ఒకటీ అరా వస్తే దాని పక్కన కూర్చుని చక్రం తిప్పి చప్పుడు వింటాను. ఎక్కడ పట్టేసిందో అదే చెబుతుంది. నీ చెవులు నావేనని మీ అమ్మ ఎప్పుడూ అంటుంది కదా. ఆ మాటకి ఇదివరకు గర్వపడేవాణ్ణి.

వీధి తలుపు గడియ ఇంకా అలాగే ఉందా అని అడిగావు. ఉంది. నలుగురి మిషన్లు బాగుచేసేవాడి ఇంటి గడియ ఒకసారి ఎత్తితే రాదు. వదిలి మళ్లీ ఎత్తాలి. అన్నీ వదిలేసి ఇది గడియ సంగతి ఎందుకడిగిందా అని అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇక నీ అసలు ప్రశ్న. "తలుపు సినిమా ఆఖరి భాగం వస్తోంది నాన్నా. చప్పుళ్లు చేసినందుకు మొదటిసారి నా పేరు తెర మీద వేస్తున్నారు. ఈసారి కూడా హాలు గేటు బయటే నిలబడతావా, లోపలికి వస్తావా? అది తెలిశాకే నేను ఇంటికి రావడమా మానడమా అన్నది." ఈ నాలుగు ముక్కలూ నాలుగుసార్లు చదివాను.

ఆ సినిమాల మీద నా మాట నీకు తెలుసు, అది మారలేదు. దయ్యం నోట ప్రార్థన పలికించారు. పసిపిల్ల చేత దాన్ని తలకిందులుగా చదివించారు. భయాన్ని పొట్లాలు కట్టి అమ్మేవాడు రేపు విషాన్నీ అమ్ముతాడు. మొదటి భాగం నుంచీ మైకు భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఊరేగింపులయ్యాయి, కోర్టులో కేసులయ్యాయి, రెండు వారాలు ఆపారు, మళ్లీ వేశారు. అదంతా నా ధర్మమే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను. కానీ మూడో భాగం అప్పుడు "ఈ బొమ్మకి చెయ్యి సాయం చేసిన ప్రతివాడి చెయ్యీ పడిపోవాలి" అని మైకులో అన్నాను. అందులో నీ చేతులూ ఉన్నాయని నాకు అప్పుడు తెలుసు. ఎవరో దాన్ని ఫోనులో పట్టి పంపితే మీ గదిలో అందరూ విని నవ్వారట. నువ్వు నవ్వలేదని మీ అమ్మకి చెప్పావట. అప్పటినుంచి నువ్వు ఈ గుమ్మం తొక్కలేదు.

సినిమా రావడానికి వారం ముందు హాలు మేనేజరు కొట్టుకి వచ్చాడు. దెబ్బలాటకే అనుకుని స్పానరు చేతిలోకి తీసుకున్నాను. ఆయన బల్ల మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"అయ్యగారూ, శుక్రవారం వస్తున్నారు కదా?"

"ఎందుకు?"

"అరవడానికండీ. మొదటి భాగానికి మీరు అరిస్తే హాలు నిండింది. నాలుగోదానికి మీకు జ్వరమొచ్చి రాలేదు, బాల్కనీలో పావురాలు కూర్చున్నాయి. ఇదే ఆఖరిది. కాస్త గట్టిగా అరవండి. కుర్చీ వేయిస్తాను, మంచినీళ్లు పెట్టిస్తాను."

"సిగ్గులేదూ? నేను నరకం గురించి చెబుతుంటే నువ్వు టికెట్లు చింపుకుంటావా?"

"మీరు చెప్పే నరకం విన్నాకేనండీ జనం లోపలికొచ్చేది. మీ దగ్గర సగం చూసేస్తారు, మిగతా సగానికి నా దగ్గరికొస్తారు. ఒక రకంగా మనిద్దరిదీ ఒకటే వ్యాపారం."

లేచి తరమాలి. ఇదివరకైతే తరిమేవాణ్ణే. స్పానరు పక్కన పెట్టి ఆయనకీ టీ తెప్పించాను. అలసిపోయాను తల్లీ. నా అరుపు ఆయన పోస్టరుకి జిగురయిందని తెలిసిన మనిషికి కోపం కూడా బరువే.

గ్రంథంలో ఇల్లు వదిలి వెళ్లి తిరిగొచ్చే బిడ్డ కథ ఎన్ని కూడళ్లలో చెప్పానో లెక్కలేదు. అందులో దూరాన్నుంచే చూసి ఎదురు పరిగెత్తింది తండ్రి. ఇక్కడ బిడ్డ ఎటువైపు నుంచి వస్తుందో కూడా అడగకుండా గేటు దగ్గర నినాదాల అట్ట పట్టుకుని నిలబడ్డది నేను.

నువ్వడిగింది ఇదే కాబట్టి ఇంత చుట్టు తిరిగి ఇప్పుడు చెబుతున్నాను. లోపలికి వెళ్లాను.

మన గుంపులో గొడుగాయన తెలుసు కదా, ఎండైనా వానైనా గొడుగు వదలని మనిషి, మొదటి భాగం నుంచీ అట్టలు రాసేది ఆయనే. గొంతు బాగోలేదు, నేను రానని ఆయనకి అబద్ధం చెప్పాను. మ్యాట్నీకి వెనక గేటు నుంచి వెళ్లి చివరి వరసలో కూర్చున్నాను. నుదుటి దాకా మఫ్లరు. జేబులో గ్రంథం మీద చెయ్యి.

ముల్లంగి విరిస్తే ఎముక విరిగినట్టుంటుందని, ఇసుకని కాగితం మీద పోస్తే వాననిపిస్తుందని నువ్వు రాశావు కదా, అవి పట్టుకుంటూ కూర్చున్నాను. ఇది ముల్లంగి, ఇది ఇసుక అనుకుంటూ ఉంటే భయం వేయలేదు. పక్కన కూర్చున్న లావుపాటి ఆవిడ ప్రతిదానికీ నా మోచేయి పట్టుకుంటోంది. మా అమ్మాయి చేసిందమ్మా అది అని చెప్పాలనిపించింది.

నాలుగు భాగాలుగా తెరవని ఆ తలుపు ఈ భాగంలో తెరుస్తారట, జనమంతా అందుకే వచ్చారు. ఆ ఘట్టం రానే వచ్చింది. పాట లేదు, వాయిద్యం లేదు. పిల్ల ఒక్కతే గదిలో కూర్చుని ఉంది. బయట వీధిలో అడుగు పడింది. ఒక కాలు బరువుగా పడుతోంది, రెండోది నేల మీద రాసుకుంటూ వస్తోంది. భుజాన సంచిలో ఇనుప సామాను గలగల. గొంతు సవరించుకున్న చప్పుడు. తెర మీద ఆ పిల్ల గబగబా రేడియో కట్టేసింది, దుప్పటి సర్దింది, నిటారుగా కూర్చుంది. హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడుతుంది.

గడియ సగం లేచింది. పడింది. మళ్లీ లేచింది.

హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. పక్కావిడ నా చెయ్యి గిచ్చేసింది. నాకొక్కడికే భయం వేయలేదు. ఎవరో తెలిసినవాళ్లు వచ్చారే అనుకున్నాను. లేచి ఎదురు వెళ్లబోయినంత పని చేశాను కూడా. అప్పుడు తెలిసింది, వచ్చింది నేను.

తలుపు తెరుచుకుంది. జనం కేకలు పెట్టారు. నేను కళ్లు మూసుకున్నాను. తలుపు వెనక ఏ రూపం చూపించారో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదట కోపమొచ్చిందని దాచను. దయ్యానికి నా నడకా, నా గొంతు సవరింపా అనుకున్నాను. ఆ కోపం పేర్లు వేసేదాకా కూడా నిలవలేదు. జనమంతా వెళ్లిపోయినా కూర్చున్నాను. చీపురు పట్టుకున్న మనిషి కాళ్లు ఎత్తమంటే ఎత్తాను. పేర్లు పైకి పోతూ పోతూ చివర్లో నీ పేరు వచ్చింది. దానికి ముందు మన ఇంటిపేరు. నేను అంత శాపం పెట్టినా నువ్వు ఆ ఇంటిపేరు తీసేయలేదు.

బయట వాన. గేటు దగ్గర గొడుగాయన ఒక్కడే, తడిసి రంగు కారుతున్న అట్టతో.

"అన్నా! లోపల్నించి వస్తున్నావేంటి?"

"చూడకుండా ఎంతకాలం తిడతాం?"

ఆయన అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చాడు. "నేను నాలుగూ చూశానన్నా. లేకపోతే అట్ట మీద ఏం రాయాలో ఎలా తెలుస్తుంది?"

ఎన్నాళ్లకో నవ్వొచ్చింది. నా నవ్వు చూసి ధైర్యం వచ్చి అడిగాడు. "ఇంతకీ తలుపు వెనక ఎవరన్నా? చెప్పవా, ఆ టికెట్టు డబ్బులైనా మిగుల్తాయి."

గొడుగు పట్టుకో అన్నాను. ఇద్దరం ఒక గొడుగు కింద నడిచాం. దారంతా నా కుడికాలు నాకు వినపడుతూనే ఉంది.

ఇంటికొచ్చి మీ అమ్మని అడిగాను. "నేను వచ్చే చప్పుడు వింటే నువ్వేం చేస్తావ్?"

"ఏం చేస్తాను? గిన్నెలు పొయ్యి మీదికి ఎక్కిస్తాను."

"అమ్మాయి?"

చేతిలో పని ఆపింది. "మీకిప్పుడెందుకు అది?"

"చెప్పు."

"రేడియో కట్టేసేది. బొమ్మల పుస్తకం పరుపు కింద పెట్టి వాక్యం పుస్తకం తెరిచేది. మీరొచ్చేసరికి చదువుతూ ఉండేది. మీరు తల నిమిరి, చూశావా నా కూతురు అనేవారు."

"అది భక్తి అనుకున్నానే."

"భయం వేరు, భక్తి వేరని మైకులో చెప్పేది మీరే కదండీ" అంది. దెప్పినట్టు కాదు. మరక చూపించినట్టు చెప్పింది.

నువ్వు కావాలని చేశావా, చీకటి గదిలో భయపెట్టే రాక ఎలా ఉండాలని అడిగితే నీ చెయ్యి దానంతటదే అలా చేసిందా, నాకు రాయకు. రెండూ ఒకటే నాకు. నేను మిషను పక్కన కూర్చుని విన్నట్టే నువ్వూ విన్నావు. ఎక్కడ పట్టేసిందో సరిగ్గా అక్కడే పట్టుకున్నావు.

దేవుడు పెనుగాలిలో వస్తాడని, భూమి అదిరితే వస్తాడని, మంటలో వస్తాడని ఒక ప్రవక్త కొండ మీద కాచుకుంటాడు. వాటిలో దేనిలోనూ రాడు. అన్నీ సద్దుమణిగాక వినీ వినపడని చిన్న గొంతుతో వస్తాడు. ఇన్నేళ్లలో గ్రంథంలోని ఆ భాగం మీద నేను ఒక్క ప్రసంగమూ చేయలేదు. అది మైకులో అరిచి చెప్పే సంగతి కాదు.

మర్నాడు గడియ విప్పాను. పొద్దుపోయే పని కూడా కాదు, లోపలి నాలుక అరిగి వంగింది, అంతే. ఆకురాయితో రాసి నూనె వేశాను. ఇప్పుడు వెన్నలా లేస్తుంది. సంచిలో సామాను గుడ్డలో చుట్టుకుంటున్నాను. నా పనితనానికి మురిసిపోతూ సాయంత్రం చడీచప్పుడు లేకుండా వచ్చి వంటింట్లో నిలబడితే మీ అమ్మ కెవ్వున అరిచి గరిటె విసిరింది.

"దయ్యంలా వచ్చి నిలబడతారేంటండీ! మునుపైతే వస్తున్నారని తెలిసేది కదా!"

చూశావా, అలా వచ్చినా తప్పే, ఇలా వచ్చినా తప్పే. అందుకని ఇప్పుడు వీధి మలుపు దగ్గరే "నేనే, వస్తున్నా" అంటున్నాను. మొదట్లో అది కూడా ప్రసంగంలా వచ్చింది, ఎదురింటి కుక్క లేచింది. తగ్గించుకుంటున్నాను. ఇన్నేళ్లు పెంచిన గొంతు ఒక్క వారంలో తగ్గదు.

తగ్గిందో లేదో నా చెవికి తెలిసేది కాదు, నీకు తెలియాలి. వీలు చూసుకుని ఒకసారి రా తల్లీ. ఆ సినిమా మీద వాదన పెట్టను, నువ్వు మొదలుపెడితే తప్ప. నీ పాత గదిలో రేడియో పెట్టుకుని కూర్చో. నేను వీధి చివర నుంచి నడిచి వస్తాను. నీ చెయ్యి రేడియో మీదికి వెళితే చెప్పు. వెనక్కి వెళ్లి మళ్లీ వస్తాను. నువ్వు చాలు అనేదాకా వస్తాను.

ఇట్లు,
వీధి మలుపు నుంచే పిలవడం నేర్చుకుంటున్న
మీ నాన్న