కళ్ల చివర దాచిన నవ్వు

శుక్రవారం రాత్రి

నేను ఎవరి పద్యాలు ఏరి సంపుటంగా ప్రెస్సుకిచ్చానో ఆ కవిగారు జన్మలో నవ్వి ఉండరని నిన్నటి పేజీలో రాసుకున్నాను. అది తప్పు. పాఠ్యపుస్తకంలోని ఆయన బొమ్మను అచ్చు కోసం చెక్క మీద చెక్కిన రహీం భాయ్ ఉప్పుగూడలోనే ఉన్నాడని తెలిసి, ఇవాళ వెళ్లి కవిగారు ఎప్పుడైనా నవ్వేవారా అని అడిగాను.

"ఆయన నా ముంగట కూసున్నంత సేపు నవ్వుతనే ఉన్నడు టీచరమ్మా. గట్లనే చెక్కితే పండ్ల సందుల సిరా నిండి నోరంత నల్లగ పడతది. గందుకే మూయించిన."

"మీరు నోరు మూయించిండ్రు, నేను ముప్పై ఏండ్లు ఆయన మహా గంభీరుడని పాఠం చెప్పిన. ఆయన పేరు మీదున్న హాస్య పద్యాలు ఆయనవి కావని పక్కకు పెట్టిన."

"మూతి చూసి పాఠం చెప్తరా? కండ్లు చూడుండ్రి," అంటూ ఆ పాత చెక్క అచ్చునూ భూతద్దాన్నీ నా చేతిలో పెట్టాడు.

చూశాను. నోట్లో పట్టని నవ్వునంతా కళ్ల చివర వెంట్రుకంత సన్నని మూడు గీతల్లో దాచాడు. ఏం చెయ్యి అది! ఇన్నాళ్లూ వాటిని ముసలితనపు ముడతలనుకున్న నేను ఎమ్మే తెలుగు.

ప్రెస్సుకిచ్చిన వాటిలో నవ్వించే పద్యం ఒక్కటీ లేదు. ఈ సంపుటం ఇలాగే వస్తే ఆయన నోరు రెండోసారి మూయించేది నేనే.

రేపు ప్రెస్సు తెరవగానే ఫోన్ చేసి అచ్చు ఆపించాలి. అటక మీది హాస్య పద్యాల కట్ట దించాలి. స్టూలు కాలు ఊగుతోంది, కోడలిని పట్టుకోమనాలి.