ఖాళీ స్లైడు మీద పురుగు

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వూ, నీ కళ్లకు బదులుగా ఈ ఉత్తరం చదువుతున్న తమ్ముడూ అలాగే ఉన్నారని తలుస్తాను. మోకాళ్ల నొప్పి తగ్గిందని రాయించావు, సంతోషం. మీ అల్లుడి దగ్గు కూడా తగ్గింది గానీ గొణుగుడు తగ్గలేదు.

మూడో తరగతికి నేను చెప్పే కొత్త పాఠం ఎలా సాగిందని అడిగావు. మా బడికి మైక్రోస్కోపు వచ్చి మూడు వారాలైంది. మొదటిరోజే తలవెంట్రుక మందాన్ని ఎనభై వేల భాగాలు చేస్తే ఒక్కో భాగం దాదాపు ఒక నానోమీటరని చెప్పాను. వెనకబెంచీ వాడొకడు, అంత ఓపిక ఎవరికుంది టీచర్, అన్నాడు. నవ్వాపుకోలేక చచ్చాను.

తర్వాత పూలకుండీలో నిలిచిన నీళ్లు ఒక చుక్క తీసి చూశాను. నల్లదారం లాంటి పురుగొకటి ఈదుతూ కనిపించింది. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చూడమన్నాను. నీళ్లు తీసేసి ఉప్పురవ్వ పెడితే అందులోనూ అదే పురుగు. పొడి ఉప్పులో పురుగేమిటని స్లైడు సబ్బుతో కడిగి, తుడిచి, ఏమీ వేయకుండా పెట్టి చూశాను. ఉంది. సూటిగా చూడబోతే పక్కకు జారుకుంటుంది, చూడనట్టు ఊరుకుంటే నింపాదిగా మళ్లీ మధ్యకు వస్తుంది. పట్టపగలు, అంతమంది పిల్లల మధ్య నా ఒళ్లు జలదరించింది.

ఆ ఖాళీ స్లైడునే పిల్లలకు చూపించి, ఇందులోనూ పురుగుంది, గీయండి అన్నాను. ముప్ఫై ఒక్కమంది గీశారు. ఒకడు దానికి కళ్లు కూడా పెట్టాడు. హమ్మయ్య, నాకు మతి పోలేదనుకున్నాను. ఒక్క పిల్ల మాత్రం తెల్లకాగితం ఇచ్చింది. పొట్టిగా ఉంటుందని అందరూ దాన్ని చీమ అంటారు. బద్ధకమనుకుని గోడవైపు తిప్పి నిలబెట్టాను. గంట కొట్టాక నా బల్ల దగ్గరికొచ్చి మెల్లగా అంది:

"అందులో ఏమీ లేదు టీచర్. మీరు ఉందన్నారని అందరూ గీశారు. నాకు కనిపించనిది ఎలా గీయను?"

అది వెళ్లాక తలెత్తి చూశాను. పురుగు తెల్లగోడ మీద ఈదుతోంది.

మర్నాడు ఆ తెల్లకాగితాన్నే గోడకు అంటించి, సరైన బొమ్మ ఇదొక్కటేనని చెప్పాను. ఎందుకో మాత్రం చెప్పలేదు.

తమ్ముడూ, ఇక్కడినుంచి అమ్మకు చదవకు. నా అక్షరాలు గీత దిగిపోతున్నాయేమిటని అడిగావు కదా, ఆ పురుగు నా ఎడమకంట్లో ఉందిరా. ఒకటల్లా నాలుగైదయ్యాయి. నిన్నటినుంచి ఒక మూల నల్లటి తెర దిగుతోంది. అమ్మకూ ఇలాగే మొదలైంది. చూపు పోయేదాకా దాచినందుకు ఆవిడను నేనెంత మాటన్నానో నువ్వు విన్నావు. ఇప్పుడు మూడు వారాలుగా నేనూ నోరు విప్పలేదు, మీ బావగారి దగ్గర కూడా. బడికి వెళ్లి పిల్లలకు చూడటం నేర్పుతున్నాను. చచ్చేంత భయంగా ఉంది. ఈ ఉత్తరం ముగించగానే ఆయనకు చెప్పేస్తాను, రేపు పొద్దున్నే కంటి ఆసుపత్రికి పోతాం.

వద్దు, ఇదంతా అమ్మకు చదివెయ్యి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయి.

అమ్మా, ఆ తెర నీకు కిందిదాకా దిగడానికి ఎన్నాళ్లు పట్టింది?

ఇట్లు,
నీ పెద్దమ్మాయి