కరిగించకూడని ఆరు వెండి చెంచాలు

ప్రకాశం జిల్లా మార్టూరు కాపురస్తుడు దొప్పలపూడి బాపయ్య గారి భార్యనైన నేను, కోటేశ్వరి, వయసు నలభై తొమ్మిది, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. గురువారం గుంటూరులో నాకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తీస్తారు. చిన్న ఆపరేషనే అన్నారు డాక్టరు గారు. నా భయం ఆపరేషన్ గురించి కాదు. నేను లేని పది రోజులూ ఇల్లు చూడటానికి మా ఆడపడుచు వెంకటేశ్వరమ్మ వస్తోంది.

1. మా అత్తగారు నాకిచ్చిన ఆరు వెండి చెంచాలు నా సొంత ఆస్తి. వీటిని కరిగించకూడదు, మార్చకూడదు. "ఆరు చెంచాలేం చేసుకుంటాం వదినా? కరిగిస్తే శుభ్రంగా ఒక కంచం వస్తుంది" అంటూ వెంకటేశ్వరమ్మ ఇప్పటికే కంసాలికి కబురు పెట్టింది. ఆ కబురు ఇందుమూలంగా రద్దు.

2. చెంచాల పుట్టుక. తమ తాతకు కలెక్టరు దొరసాని బహుమతిగా ఇచ్చిందని వెంకటేశ్వరమ్మ ప్రతి పెళ్లిలోనూ చెబుతుంది. కాడ వెనక సింహం ముద్ర ఉంది కనుక లండన్ సరుకేనని మా వారి వాదన. నిజం తేల్చడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. వెండిని బస్సులో తిప్పడం క్షేమం కాదని, ముద్రలను బట్టల సబ్బుల మీద అద్ది, ఆ సబ్బులు పట్టుకుని గుంటూరు, తెనాలి, చీరాల వెండి కొట్లన్నీ తిరిగాను. తెనాలిలో ఒకాయన నేను నోరు తెరవకముందే, "మాకు సబ్బులొద్దమ్మా, మొన్నేగా కొన్నాం" అన్నాడు.

చీరాలలో వెండి మీద నగిషీ పని చేసే జాన్ బాషా గారు సబ్బును వెలుతురులో పెట్టి చూసి, "ఇది సింహం కాదమ్మా, మా తాత మేక" అన్నారు. దొరల చెంచాల మీద సింహం ఉంటుందని, అలాగే కొట్టమని చెంచాలు చేయించుకున్నాయన జాన్ బాషా గారి తాత మాబు సాహెబ్ గారికి మాటల్లోనే చెప్పి పురమాయించారట. ఆయన సింహాన్ని చూసింది లేదు. ఇంట్లో మేక ఉంది. జాన్ బాషా గారు అటక మీది ఇనుప ముద్ర దించి సబ్బు మీద నొక్కితే, గడ్డంతో సహా సరిపోయింది.

రెండో ముద్ర పత్తికాయ. అది చెంచాలు చేయించిన గుంటూరు పత్తి వ్యాపారి త్రినాథం గారి గుర్తు. బేరానికి వచ్చే దొరలకు టీతో పాటు ఇవ్వడానికి చేయించారు. ఆయన మనవరాలు శేషారత్నమ్మ గారిని అడిగితే ముఖం చిట్లించారు. "ఆ చెంచాలా! దొరలు రావడం మానేశాక మా నాయనమ్మ వాటితోనే మాకు ఆముదం పట్టేది. మా ఏడుపు భరించలేక, మిరపకాయల బండి తోలుకొచ్చిన రైతుకు అంటగట్టారు." ఆ రైతు మా వారి తాతగారే. రెండు బస్తాల మిరపకాయలకు ఆరు చెంచాలు. దొరసాని ఎక్కడా లేదు.

3. నాలుగు చెంచాలు మా అమ్మాయి శ్రీరమ్యకు. వాటితో పాయసం తినాలి, పెరుగన్నం తినాలి. బీరువాలో దాచకూడదు. ఆముదం నిషేధం.

4. ఒక చెంచా జాన్ బాషా గారికి. వాళ్లింట్లో తాత ముద్ర ఉంది గాని తాత చేసిన వస్తువు ఒక్కటీ లేదు. ఆ రోజు ఆయన నా సబ్బునే చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు.

5. ఆధారాలైన సబ్బులు తొమ్మిది. పత్తికాయ ముద్ర ఉన్నదానితో మా వారు బనీన్లు ఉతుక్కున్నందున ప్రస్తుతం ఎనిమిది. ఇవి మా అబ్బాయి చైతన్యకృష్ణకు. ఈ వీలునామా అమలుచేసే బాధ్యతా వాడిదే. మా వారికి డజను కొత్త సబ్బులు, ఏ ముద్రా లేనివి.

6. ఆరో చెంచా వెంకటేశ్వరమ్మకు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు వంట రాదని ఎవరికీ తెలియనివ్వకుండా, తనే పులుసు కాచి నా పేరు చెప్పిన పిల్ల. దొరసాని కథ తనకు వాళ్ల నాన్న చెప్పింది. ఆ చెంచా పట్టుకుని ఆ కథ ఎవరికైనా చెప్పుకోవచ్చు. అప్పుడు నా వారసులెవరూ మేక సంగతి ఎత్తకూడదు.

మార్టూరు, 17 నవంబరు 2003, సోమవారం.

సంతకం: దొప్పలపూడి కోటేశ్వరి

సాక్షులు:

1. రెబ్కా, హైస్కూలు టీచరు, మా పక్కింటావిడ.

2. వెంకటేశ్వరమ్మ. తన చేతిరాతతో: "మొత్తం చదివాను. కరిగించనులే. ముందు బతికి రా వదినా, మిగతాది తర్వాత పోట్లాడుకుందాం."